డిపాజిట్ వాపసు లేదు

అబెర్డీన్ రేవు వెనక వీధిలో మా బారు.
మేడ మీద గది ఒకటి.
నిలబడితే అరవై మంది, కూచుంటే నలభై.
పదకొండేళ్ళుగా ఆ గదిని సాయంత్రాల లెక్కన అమ్ముతున్నాను.

డైరీ రంగు పెన్సిళ్ళతో రాస్తాను.
ఎరుపు పుట్టినరోజులకి,
నలుపు స్మశానం నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి,
నీలం కంపెనీలకి.

నలుపువాళ్ళు బాగా తాగుతారు, బాగా తింటారు,
పోయినాయన మీద జోకులేసి ఏడుస్తారు.
నీలంవాళ్ళు ముందు ప్రశ్నలు పంపుతారు:
ప్రొజెక్టరుందా, మైకు అరుస్తుందా,
గోధుమ పడనివాళ్ళకి ఏం పెడతారు.
ఎనిమిదింటికి ఒకాయన గ్లాసు మీద చెంచాతో కొట్టి
మనమంతా ఒకే కుటుంబం అంటాడు.
ఎనిమిదింబావుకి ఆయన టాక్సీ కింద ఉంటుంది.

ఎల్స్‌పెత్ కెయిర్డ్ ఆగస్టులోనే వచ్చింది.
సముద్రం అడుగు పైపులకి కవాటాలు చేసే కంపెనీ.
డిసెంబరు రెండో శుక్రవారం, యాభై రెండు మంది.
సంబంధం చూడ్డానికొచ్చిన మేనత్తలా
కర్టెన్ల అంచు తిప్పి చూసింది,
బాత్రూము గడియ వేసి, తీసి, మళ్ళీ వేసింది.
సగం సొమ్ము కట్టింది.
రసీదు అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో, నా వాక్యం:
డిపాజిట్ వాపసు లేదు.

నవంబరులో కంపెనీ నార్వే వెళ్ళిపోయింది.
యాభై ఒక్క మందికి ఒకటే ఉత్తరం.
టైపు చేసింది ఎల్స్‌పెతే.
జాబితాలో ఆఖరి పేరు తనది,
అక్షరక్రమం వల్ల కాదు.

ఫోన్ చేసింది.
"మీ గది నా దగ్గరుంది. మనుషులే లేరు."
వాపసు లేదన్నాను.
ఆ డబ్బు అప్పటికే బాయిలరైపోయిందని చెప్పలేదు.
"అడగలేదు కదా," అంది.
"తలుపు ఎన్నింటికి తీస్తారు?"

ఏడింటికి తీశాను.
వర్షంలో చమ్కీల గౌను, పైన మగవాళ్ళ రెయిన్‌కోటు.
వెనకే ఆఫీసు ఊడ్చే సెలామ్, ఆమె చెల్లెలు,
రాత్రి కాపలా లాకీ, కాంటీన్ వంటాయన,
పార్సిళ్ళు తెచ్చే కుర్రాడు హెల్మెట్టుతో సహా.
యాభై రెండులో ఎప్పుడూ లెక్కకి రానివాళ్ళు.
లెక్కలోవాళ్ళు పదకొండు మంది వచ్చారు,
ముఖాలు ఇంట్లో మర్చిపోయినట్టు.

తర్వాత మర్డో.
నార్వేకి తీసుకెళ్తున్నది అతనొక్కణ్ణే.
మెట్ల మీదే నిలబడిపోయాడు, కోటు విప్పకుండా.
గదిలో ఐస్ ముక్కల చప్పుడు కూడా ఆగింది.
సెలామ్ వెళ్ళి చెయ్యి చాపింది:
"కోటిటివ్వు."
ఆరేళ్ళు అతని బల్ల తుడిచింది,
బిస్కట్లు ఏ సొరుగులో దాస్తాడో తెలుసు.

బంగాళాదుంపల స్టోవీలు అడుగంటాయి, అయినా అయిపోయాయి.
తొమ్మిదీ నలభైకి డిపాజిట్ అయిపోయింది.
మా డాడ్ నా వంక చూశాడు. నేను గల్లాపెట్టె వంక చూశాను.
దయగలదాన్నని చెప్పుకోను.
ఇక నుంచి ఎవరిది వాళ్ళే, అన్నాను.
హెల్మెట్ చేతులు మారింది, చిల్లరతో బరువెక్కి
నా ముందుకొచ్చి కూచుంది.

పాటలు పెట్టబోయి డాడ్ ఏదో నొక్కాడు.
అక్టోబరులో పంపిన ఫైలు, తెర నిండా:
వచ్చే ఏడాది మన లక్ష్యాలు.
బాణం గుర్తు ఆకాశానికి.
ఒక్క క్షణం.
ముందు ఎల్స్‌పెత్ నవ్వింది, ముక్కుతో, గుర్రంలా.
తర్వాత గది మొత్తం.
లాకీ కుర్చీ ఎక్కి ఒక్కో లక్ష్యం పైకి చదివాడు,
ప్రతిదానికీ గ్లాసులెత్తారు.
మర్డో కళ్ళు తుడుచుకున్నది నవ్వుకో దేనికో
నేను అడగలేదు.

ఒంటిగంటకి దీపాలార్పి డైరీ తీశాను.
మూడు పెన్సిళ్ళూ పట్టుకుని చూసి
పెన్నుతో రాశాను.

ఆ చమ్కీలు ఏప్రిల్ దాకా
నేల చెక్కల సందుల్లోంచి తేలుతూనే ఉన్నాయి.
నిన్న బ్యాంకువాళ్ళ సమావేశంలో
ఒక పెద్దాయన బూటుకి ఒకటి అంటుకుని
మెట్లు దిగి వెళ్ళిపోయింది.
నేను చెప్పలేదు.