దగ్గు మీట

వియన్నాలో, డాన్యూబ్ అవతలి ఒడ్డున,
రాత్రి పదకొండున్నర.
గాజు గదిలో ఒఫెలియా చిందోయ్.
చెవుల్లో ఒక భాష, నోట్లో ఇంకో భాష.
నాలుగు రోజులుగా ఒక్క మాట
బ్రాకెట్ల మధ్య పడి ఉంది:
హాని తగ్గింపు.
దొంగకైనా బెయిలు దొరుకుతుంది గానీ
దానికి పూచీ పడే దేశం లేదు.

దుబాసీ ధర్మం ఒకటుంది:
ఎవరు మాట్లాడితే వాళ్ల 'నేను' నీ నేను.
ఈ గంటలో ఆమె
ఎవరి దేశానికో జైళ్ల మంత్రి అయింది.
రిటైరైన జనరల్ అయింది.
"నేను ఒక్క ఆకు మిగలనివ్వను" అంది
తన గొంతుతోనే, తప్పు లేకుండా,
వాక్యం చివర కాస్త కోపం కూడా అరువు తెచ్చుకుని.

ఆకు.
పుతుమాయోలో వాళ్లమ్మ దాన్ని అలాగే అనేది,
పెనిమిటి పేరు పలకనట్టు.
ఆకు అమ్మితే చెప్పులు. ఆకు అమ్మితే నోటుబుక్కులు.
ఓ పొద్దున విమానం వచ్చింది,
వాన కాని వాన కురిసింది.
కోకా నాలుగు నెలల్లో మళ్లీ చిగిర్చింది.
అరటి చిగిర్చలేదు.
కర్రపెండలం తవ్వితే లోపలంతా నలుపు.
ఆ తర్వాత జీపులో ఒకాయన వచ్చి
మిరియాల తీగలిచ్చాడు,
అమ్మ పక్కన నిలబడి ఫొటో దిగాడు.
మిరియాలు బాగానే కాశాయి.
రోడ్డే కాయలేదు.

"ప్రత్యామ్నాయ జీవనోపాధి పథకం
మా ప్రాంతంలో సంపూర్ణంగా విజయవంతమైంది"
అంటోందిప్పుడు ఒఫెలియా,
ఎవరి 'మా'నో మోస్తూ.

బల్ల మీద ఒక మీట ఉంటుంది.
దగ్గొస్తే నొక్కాలి. నొక్కినంతసేపు
గొంతు గాజు దాటదు.
ఇరవై రెండేళ్లుగా దగ్గుకే వాడింది.
ఇవాళ నొక్కి,
"బస్తాలు మా మంచం కిందే బూజు పట్టాయి" అంది
అమ్మ భాషలో.
పక్క కుర్చీలో ఫెర్మిన్ నీళ్ల గ్లాసు జరిపాడు.
కింద హాల్లో ఎవరో
చెవిలోని పరికరాన్ని వేలితో తట్టి చూసుకున్నారు.
అంతే.

పన్నెండూ పదికి బ్రాకెట్లు తీసేశారు.
మాట బతికింది,
తగిన చోట, వీలును బట్టి,
ఆయా దేశాల చట్టాలకు లోబడి
అనే మూడు తోకలతో.
చప్పట్లు. వాటిని ఆమె అనువదించనక్కర్లేదు.

మెట్రో దిగే చోట, ఎస్కలేటర్ కింద
పసుపు కోటు వేసుకున్న ఒకావిడ
చలికి ఎర్రబడ్డ చేతులతో
ఓ కుర్రాడి పాత సూదులు డబ్బాలో వేసుకుని
కొత్తవి ఇస్తోంది.
"తిన్నావా?"
"నిన్న."
అలవాటు కొద్దీ ఒఫెలియా
ఆ రెండు మాటల్నీ లోలోపల స్పానిష్‌లోకి మార్చుకుంది.
ఎక్కడా తోక తగల్లేదు.

సంచిలో, తీర్మానం కాగితాల అడుగున,
కాన్ఫరెన్సు వాళ్లు పంచిన శాండ్‌విచ్ ఒకటి ఉండాలి.
రైలు వచ్చి వెళ్లిపోయింది.
ఇంకా వెతుకుతోంది.