నలభై ఒక్క కిటికీలు

మా పద్దెనిమిది మందికీ నీలం మాస్కులు క్లబ్బువాళ్లే పంపారు,
డబ్బాకి యాభై, మూడు డబ్బాలు.
వాటి సంగతి కాదు నేను చెబుతున్నది.
అవి సంచి అడుగున రెయిన్‌కోటు కింద పడున్నాయి.

ఈ నలభై ఒకటి వేరు.

మోంటెవిడియోలో, మా వంటగది బల్ల మీద
పది రాత్రులు కూర్చుని కుట్టాను.
చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కాలర్లు కుట్టిన చేతులివి,
కాలరుకీ మూతికీ జానెడే దూరం.
మాస్కు నడుమ కత్తిరించి
బడిపుస్తకాల అట్టలకు వేసే అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్క పెట్టి
చుట్టూ బిగించాను.
లోపలివైపు గిన్నెల సబ్బు చుక్క రాసి తుడవాలి,
లేకపోతే ఊపిరి తగిలి మసకేస్తుంది.
ఈ కిటుకు నెల్డా చెప్పింది. తనకెవరు చెప్పారో చెప్పలేదు.

ఇవి మాకు కాదు,
మాతో మాట్లాడబోయేవాళ్లకి.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వుతారుగా,
ఊదండి.
ఊదేవాడి బుగ్గలు చూస్తాను, మెడ మీద నరం చూస్తాను,
ఎక్కడ దమ్ము చాలక ఆపాడో చెబుతాను.
బుగ్గలే కప్పేశాక
అసలు శంఖం ఉందో లేదో నాకేం తెలుసు?

ఏడాదిన్నరగా ఊరు ఊరంతా మూతులు దాచుకుంది.
రొట్టెల కొట్లో పిల్ల కళ్లతో ఏదో అడుగుతుంది.
నేను డబ్బు చాపుతాను.
తల అడ్డంగా ఊపుతుంది.
ఇంకా చాపుతాను.
సంచి కావాలా అని అడిగిందట, పాపం.
మందుల షాపాయన దయగలవాడు, మాస్కు కిందికి లాగి చెప్పబోయాడు,
నా వెనక క్యూలో కనుబొమలు చూసి మళ్లీ ముక్కు మీదికి లాక్కున్నాడు.
ఆయన తప్పు కాదు. క్యూ తప్పు కూడా కాదు.
ఆ నెలలోనే మా ఎవారిస్తో ఆసుపత్రిలో పోయాడు,
డాక్టరు నోట ఒక్క మాటయినా చూడకుండానే.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
మాకు దాటకముందే దొరకాలి మాట,
దాటాక అది మీది.

ఒకటి గైడుకి, ఒకటి బస్సు డ్రైవరుకి,
హోటల్ కౌంటర్లో వాళ్లకి పగలు రెండు, రాత్రి ఒకటి,
వడ్డించేవాళ్లకి ఓ పన్నెండు.
సంగీతశాలలో టికెట్లు చింపేవాడికి రెండు:
సంగీతశాల చూడాలని పట్టుబట్టింది మాలో పుట్టుచెవుడున్న వాషింగ్టనే.
కుర్చీ చెక్క మీద అరచెయ్యి ఆనిస్తే చాలట.
మిగతావి ఎవరికో తెలీదు.
దారి తప్పితే అడగడానికి.
యాభై అనుకున్నా గానీ
నలభై రెండోదానికి ప్లాస్టిక్ చాల్లేదు.

నవంబరులో పడవెక్కాం.
నది అంటారు గానీ అవతలి ఒడ్డు కనబడదు,
నీళ్లు టీ వడగట్టిన గుడ్డ రంగు.
అటూ ఇటూ స్పానిషే, సైగలు మాత్రం వేరు.
మేం తపబోకస్ అనే ఈ గుడ్డముక్కని
అక్కడ బర్బిహో అంటారని
వాషింగ్టన్ గాలిలో అక్షరాలు రాసి చూపించాడు.
ఇద్దరం పెదాలతో అని చూసుకున్నాం,
అద్దంలో కోతుల్లా.

బ్యూనస్ ఎయిర్స్ రేవులో కస్టమ్స్ కుర్రాడు
నా సంచి విప్పి, కిటికీలు చూసి ఆగిపోయాడు.
మాస్కు వెనక ఏదో అన్నాడు, మళ్లీ అన్నాడు.
గట్టిగా అన్నట్టున్నాడు, గుడ్డ కదిలింది.
నా చెవి చూపించి ఒకటి చేతికిచ్చాను.
తిప్పి చూశాడు. పక్కనున్న పెద్దాయన వైపు చూశాడు.
పెద్దాయన భుజాలెగరేశాడు.
తన మాస్కు మీదే తొడుక్కోబోయి, నాలిక్కరుచుకుని,
అటు తిరిగి మార్చుకున్నాడు.

పై పెదవి మీద గడ్డం గీసుకున్న గాటు.
ఒక పన్ను మీద ఇంకో పన్ను.
"ఇవన్నీ అమ్మడానికా?"

ఏడాదిన్నరలో మొదటిసారి
ముక్కూమొహం తెలియని మనిషి నన్ను అనుమానించాడు,
అక్షరం పొల్లుపోకుండా తెలిసింది.
కాదు బాబూ అని నోరు తెరిచేలోగా
దానికి సబ్బు రాయడం మరిచాను కాబోలు,
కిటికీ మసకేసింది.