పదకొండు వేల నూట ఇరవై అయిదు

మాధవాయిపాలెం రేవులో
పంటు ఇంకా ఒడ్డు తాకలేదు.
సంచిలో నికానామా, ఆధార్ కార్డు,
సగం అల్లిన గుండ్రటి లేసు.
ఊరికే ఉంటే చేతులు వణుకుతాయని
సూది కూడా తెచ్చుకున్నాను.

ఖులా కావాలన్నాను.
ఈ రెండక్షరాలు నోరు దాటడానికి
మూడేళ్లు పట్టింది నాకు.
మా పిన్నికైతే అప్పట్లో
మూడు మాటలూ మస్కట్ నుంచి ఫోన్లోనే వచ్చేశాయి,
గంజి వారుస్తుండగా.

"ఖులా అడిగితే మెహర్ తిరిగిచ్చెయ్యాలమ్మా,
లెక్క లెక్కే" అన్నాడు కమిటీ సెక్రటరీ,
రొయ్యల చెరువు లీజు మాట్లాడే గొంతుతో.

పదకొండు వేల నూట ఇరవై అయిదు.
ఆ అంకె నేను ఒక్కసారే విన్నాను.
మల్లెల సెహ్రా ముక్కుకి గుచ్చుకుంటుంటే
పెదనాన్న తెర పక్కకొచ్చి అడిగాడు, ఖబూలేనా అని.
అమ్మ నా తల పట్టుకుని వంచింది.
అదే ఖబూలయింది.

ఆ రాత్రి గడియ పడగానే
మంచం అంచున కూర్చుని
ఆయన మొదట అడిగింది నా పేరు కాదు.
"మెహర్ మాఫ్ చేశావా?"
అంటేనే చెయ్యి తాకడం హలాలని
తోటికోడళ్లు ముందే నేర్పి పంపారు.
అన్నాను.
అంత చవగ్గా
ఇంకే వస్తువూ నేనెవరికీ ఇవ్వలేదు.

కండె దారం అల్లితే ఏజెంటు ఇచ్చేది నలభై.
కండెకి రెండు రోజులు, కళ్లు మండకపోతే.
రెండొందల డెబ్బై ఎనిమిది కండెలు.
ఏడాదిన్నర అల్లాలి నేను,
చేతికి రాని డబ్బు తిరిగిచ్చెయ్యడానికి.

అవతలి ఒడ్డున, మసీదు పక్క గదిలో
పాత దుప్పటి అడ్డం కట్టారు మాకోసం.
"ఇచ్చావా మొహియుద్దీన్?"
"మాఫ్ చేసిందండీ."
"మరి తిరిగి అడుగుతున్నావు?"
"కాగితం మీద ఉంది కదండీ."
రెండు మాటలకీ
అందరూ ఒకేలా తలలూపారు.

దుప్పటికి ఇవతల నా పక్కన మా అత్త, హలీమాబీ.
కొడుకు తరఫున వచ్చింది.
వక్క నమలడం ఆపింది.

"అయితే నాదీ కట్టండి.
మీ నాన్న జనాజా వాకిట్లో పెట్టి,
మాఫ్ అను, మాఫ్ అను, లేకపోతే లేవదంటూ
నలుగురు నా మీద నిలబడ్డార్రా.
ఏడుస్తున్నదాన్ని, ఏమన్నానో నాకే తెలీదు.
ఐదొందల ఒకటి.
నలభై రెండేళ్లయింది నికా అయ్యి.
వడ్డీ వద్దులే. వడ్డీ హరాం."

ఫ్యాను చప్పుడు ఒకటే వినిపించింది కాసేపు.
ఎవరో దగ్గారు.
వచ్చే జుమ్మాకి చూద్దాం అన్నారు.

తిరుగు పంటులో
మోటారు సైకిళ్ల మధ్య ఇంత చోటు దొరికింది.
పోటు మొదలైంది, వశిష్ఠ వెనక్కి నడుస్తోంది,
ఉప్పునీళ్లు ఊరి వైపు ఎక్కుతున్నాయి.
దారపు ఉండ దొర్లిపోకుండా
అత్త ఒళ్లో పెట్టుకుంది.
"ఒక్క పువ్వుకి ఎన్ని కుట్లే?"
చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను.

ఆమె ఇల్లు వెనక ఒడ్డునే ఉండిపోయింది.
పంటు ఎందుకెక్కావని
నేను అడగలేదు.