గోనెముక్క

ఏడు పిల్లలు. ఏడు మెడలకి ఏడు రంగుల ఊలుదారాలు.
ఎనిమిదోది పుట్టిన రాత్రే పోనాది,
దానికని కత్తిరించిన తెల్లదారం
ఇంకా మేకుకి ఏలాడతంది.

నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి తాళం పడ్డ ఏడు
బకాయిలు సేతికి రానేదు,
గోనెసంచులు మాత్రం నాలుగు
మా బావమరిది గోడమించి ఇసిరినాడు.
ఆ సంచుల మీదే కస్తూరి ఈనింది.
నల్ల లాబ్రడారు, సెవి కాడ సిన్న తెల్లమచ్చ.
ఆ మచ్చ సూపించే మూడు వేలు తగ్గించి కొన్నాను.

మా గుంట పాత లెక్కల పుస్తకంలో పద్దు రాసినాను:
ఎర్రదారం తొమ్మిదొందల గ్రాములు. పచ్చదారం బక్కది.
పసుపుదారం పాలకి ముందు, మందుకి ఎనక.
ఉల్లిపాయల కాటా మీద ఎడితే
ముల్లు వొణికేది, పిల్లా వొణికేది,
అసలు బరువేదో ఎవుడికి తెలుసు.

నలబయ్యైదో రోజు, ఆదివారం.
పలాస జీడిపప్పు షావుకారు కారులో వొచ్చి
పళ్ళు సూసినాడు, తోక సూసినాడు, నన్ను సూడనేదు.
గజపతినగరం హోంగార్డు రెండు వాయిదాల్లో ఇస్తానన్నాడు,
అప్పటికే ఎర్రదారం ఆడి బూటులేసు నముల్తంది,
ఏటంటాం, సరే అన్నాను.
చీపురుపల్లి నుంచి అక్కసెల్లెళ్ళు ఇద్దరు
ఏం పేరెట్టాలోనని నా గుమ్మంలోనే తగువాడుకున్నారు.
బక్కది, పచ్చదారం, పార్వతీపురం ఎల్లింది
ఆస్పత్రి నర్సమ్మ ఒళ్ళో, బస్సు కిటికీ పక్కన.

అందరికీ అదే సెప్పినాను:
నట్టల మందు పదేను రోజులకోపాలి.
కోడి ఎముక ఎయ్యకండి, గొంతు కోసేస్తది.
ఇదుగో గోనెముక్క, తల్లి పడుకున్నది,
పక్కలో ఎయ్యండి. మూడు రాత్రులు సాలు.

డబ్బులు రెండుపాలు లెక్కెట్టినాను.
కస్తూరి కూడా లెక్కెట్టింది:
గది మూల, మంచం కింద, నీళ్ళతొట్టి ఎనక,
మళ్ళీ గది మూల.
పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయినాయి.
బాలింతకి కట్టినట్టు మా ఆడది మల్లెపూలు కట్టింది.
కుక్కకి పూలేటని ఈదంతా నవ్వింది.

రెండో రాత్రి పదకొండున్నరకి ఫోను.
నర్సమ్మ. ఎనకాల ఏడుపు, సన్నగా,
గోరుతో రేకు గీసినట్టు.
"పడుకోదు బాబూ, డూటీకి ఎల్లలేకపోతన్నాను."
గోనెముక్క ఏసినారా?
"మా అత్త కంపు కొడతందని
సర్ఫులో నానెట్టి ఉతికేసింది."

నాను ఏటీ అననేదు.
ఇరవైరెండేళ్ళు జనపనార మీద నూనె సల్లి సల్లి
నా సొక్కాలకి పట్టిన కంపు
మా ఆడది బండ అరిగేలా బాదినా వొదల్నేదు.
మిల్లు పోనాది, కంపు పోనేదు.
తల్లి వాసన మాత్రం
ఒక్క బకెట్టు నీళ్ళకే ఎల్లిపోనాది.

తెల్లారగట్ట లేచి
ఇంకో ముక్క కస్తూరి పొట్ట కింద దూర్చినాను.
టీ మరిగినంతసేపు. అది కదల్నేదు.
కవరులో ఎట్టి మూతి బిగించి మొదటి బస్సెక్కినాను.
సంచీలో ఏటన్నాడు కండక్టరు.
వాసన బాబూ, అన్నాను.
తాగున్నాననుకున్నాడు గావాల,
టికెట్టు సేతిలో ఎట్టి ముందుకెల్లిపోనాడు.

పచ్చదారం పరిగెట్టుకొచ్చి నా బొటనేలు కొరికి,
గోనె దొరికాక ఏలు ఒగ్గేసి,
రెండు సుట్లు తిరిగి కూలబడిపోనాది.
నర్సమ్మ టీ తాగమంది. అత్తగారు పక్కకి సూసింది.

ఇంటికొస్తే కస్తూరి లేచి
నా సేతులు వాసన సూసింది.
ఎడం సెయ్యి ఒగ్గేసింది.
కుడి బొటనేలు కాడ ఆగిపోనాది.
నాకింది. ఆగి, మళ్ళీ నాకింది.

ఆ రాత్రి కుడిసెయ్యి కడుక్కోనేదు.
ఎడంసేత్తో సెంచా ఎట్టి తింటంటే మా ఆడది సూసి
ఏటని అడగనేదు,
ఇంకో గరిటెడు పులుసు ఏసింది.