చెరపాకు

డ్రోన్ ఇంకా పైనే ఉండాది.
నా చేతిలో ఫోనే చేతులెత్తేసింది:
స్టోరేజ్ నిండిపోయింది.

ఇరవై రెండు నిమిషాల బ్యాటరీలో
తొమ్మిది అప్పుడే అయిపోయినాయి.
మెల్లిగా దాన్ని దించుకోని
బంగారుపాళ్యం దాపున, చెంగల్రాయులన్న తోటలో
గెనిమ మీద గొంతుక్కూర్చున్నా,
బియ్యంలో రాళ్లేరేదాని మాదిరి.

ఒక తోటకి ఒక ఫోటో చాలు.
నా కాడ నాలుగుండాయి.
కార్డులో పడే అసలుది, బరువుది,
ఆకు ఆకూ లెక్కపెట్టొచ్చు.
యాప్ తనకోసం దాచుకునే చిన్నది, మసకది.
గ్యాలరీ అడక్కుండా చేసిన నకలు.
సంఘం గ్రూపులో నేనే పెడితే
తిరిగి నా ఫోన్లోకే వచ్చి పడిన నకలుకి నకలు,
పసుపూకుంకంతో ఇచ్చిన రవికగుడ్డ
ఆరిళ్లు తిరిగి నా ఒళ్లోకే వచ్చినట్టు.

సాఫు చేసే యాప్ జతలు జతలుగా చూపిస్తాది.
ఈ రెండూ ఒకటే. ఒకటి తీసేద్దామా?
తీసెయ్.
మొగిలి కనుమ కింద టమాటా కయ్యలు, తీసెయ్.
పలమనేరు తట్టు ఏనుగులు తొక్కిన చెరుకు
పదకొండు సార్లు అదే చెరుకు
పది తీసెయ్.

ఒక జత కాడ వేలు ఆగింది.
తొంభై ఎనిమిది పాళ్లు ఒకటేనంట.
అదే బాయి, అదే మోటరు రూము, అదే బండిబాట.
ఒకదాంట్లో దేశమ్మక్క
డ్రోన్‌ని గద్దనుకోని, కోడిపిల్లల మింద నిలబడి
చేట ఎత్తి అదిలిస్తా ఉంది.
ఇంకోదాంట్లో చేట దించేసి నవ్వతా ఉంది.
అంత పైనుంచి ఎవురి నవ్వూ కనపడదు,
నవ్విందని నాకు తెల్సు, అంతే.
మిగిలిన రెండు పాళ్లలో ఉండాది ఆ చేట.
రెండూ పెట్టుకున్నా.

"తోట పాతది యాడన్నా ఉందా మే?"
చెంగల్రాయులన్న వచ్చి నిలబడినాడు,
తలగుడ్డ చేతిలో నలుపుకుంటా.
పోయిన కాపుకి తోతాపురి ధర కాయ కోతకూలికీ సరిపోలా.
ఫ్యాక్టరీ గేటు కాడ మూడు దినాలు ట్రాక్టరు,
నాలుగోనాడు కాయంతా వంకలోకి,
ఆమైన రంపం.
ఇప్పుడు ఆఫీసులో అడగతా ఉండారంట,
కొట్టేసిన చెట్లు ఎన్ని,
అవి ఉన్నాయనేదానికి సాక్ష్యం ఏంది అని.

కార్డు నేనే తుడిచేసినా,
ఎండలో, ఇంకొకరి టమాటా కోసం,
సరే అనే మాటని చదవకుండానే నొక్కి.
ఆ సంగతి చెప్పేదానికి నోరు రాలా.
యాప్ లోలోపల వెతికితే దొరికింది
యాప్ దాచుకున్నది, చిన్నది.
పేరు లేదు, అన్నీ అంకెలే.
ఇంకో నొక్కు నొక్కింటే అదీ పోయుండు.

పెద్దది చేస్తే చెట్లు కరిగిపోతాయి.
పచ్చ వేలిముద్రలు, వరసలు వరసలుగా.
ఆఫీసోళ్లు లెక్కపెట్టలేరు.
నేనూ పెట్టలేను.

ఆయన పెట్టినాడు.
వేలు అద్దానికి ఆననీకుండా, గాల్లోనే జరపతా:
"ఇది తొలికాపుకే కొమ్మ ఇరిగింది.
ఇది వట్టి పులుపు, ఊరగాయకే.
ఈడ నీలం ఒకటి, కంపెనీవోడు వద్దన్నా పెట్టినా.
దీని కిందనే మా ఎర్రావు ఈనింది."
స్క్రీన్ ఆరిపోతా ఉంటే
తాకి తాకి వెలిగిస్తా ఉండా నేను.
నూట ముప్పై ఆరు కాడ నిలబడిపోయి
"ఇంకోటుండాల" అన్నాడు.
మళ్లీ మొదటి వరస నుంచి.

నూట ముప్పై ఏడోది
ఫోటో అంచుకి అవతల ఉండాది.
దాని నీడొకటే లోపలికి పడింది.

పదకొండు జీబీ ఖాళీ అయింది.
మళ్లీ డ్రోన్ లేపినా, మొద్దుల కోసం.
మొద్దులు బాగా పడినాయి, తేటగా,
ఒక్కొక్క దాని వలయాలతో సహా.

పొద్దు గూకినాక ఆ చిన్నదానికి
అంకెలు తీసేసి పేరు కొట్టినా:
చెరపాకు.

రాత్రి తొమ్మిదికి, అన్నం కాడ, ఫోను మోగింది.
మసక ఫోటో ఒకటి దొరికింది.
తీసేద్దామా?