ఐదు బెజ్జాలు

ఖాజాగూడ గుట్ట మీద
బండలింకా చల్లగున్నప్పుడే
బస్సు దిగుతరు పిల్లలు.
పద్నాలుగేండ్లోళ్లు, పదిహేనేండ్లోళ్లు.
హవాయి చెప్పులతోని వచ్చినోడొకడు,
అమ్మ సర్దిన నాలుగు నీళ్ల సీసాలు మోసుకొచ్చినోడొకడు,
ఫోన్లు తీసి డబ్బాల వెయ్యుండ్రంటే
పన్ను పీకినట్టు మొఖం పెట్టేటోళ్లు మిగిలినోళ్లంత.

నేను తాళ్లు పరుస్త.
గజం గజం చేతులకెళ్లి జారనిస్త,
యాడన్న నలిగిందా, మెత్తవడ్డదా అని.
"అంకుల్ తాడుతోని ముచ్చట పెడుతున్నడురా"
అని నవ్వుతరు.
పెడుతున్న. అబద్ధమెందుకు.

ఈ బండలకు నేను కొత్తోణ్ణి కాదు.
మా నాయిన వీటిని ఎక్కలేదు,
పగలగొట్టిండు.
ముందు ఉలితోని వరసగ బెజ్జాలు,
బెజ్జాలల్ల ఇనుప చీలలు,
మీదికెళ్లి సమ్మెట.
ఎత్తితే ఒక ఊపిరి, దించితే ఒక ఊపిరి,
నడుమ నాకు దొరికిన బాల్యం
ఒక బీడీ కాలినంత సేపు.
అగో, ఆ అద్దాల మేడల పునాదులల్ల
ఆయన కొట్టిన కంకర ఉంటది.
తవ్వి చూసెటోడు లేడు,
గందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

తూర్పు దిక్కు పెద్ద బండ మీద
ఐదు బెజ్జాలు కొట్టి ఇడిసిపెట్టిండు.
ఆరోది ఎందుకు కొట్టలేదో అడగలే.
అడిగే తెలివి నాకొచ్చేసరికి
ఆయన చెవులను సమ్మెట తినేసింది.

మొదటి దినం "లీడరెవరు?" అన్న.
మాట పూర్తిగాకముందే అచ్యుత్ చెయ్యెత్తిండు.
విజిల్ ఆని మెడలేసిన.
ఇగ చూడు, ఉప్మా తింటే విజిల్, నెమలి అరిస్తే విజిల్.
బిల్కిస్‌ది టోలిచౌకి.
వరసల ఎప్పుడూ ఆఖరు.
పేరడిగితే బూట్లకు చెప్తది.
అందరు సెల్ఫీ లేక విలవిలలాడుతుంటే
అన్నం పళ్లెం ఒళ్లె పెట్టుకోని
బండ దిక్కే చూస్తది, టీవీ చూసినట్టు.

మూడో దినం అచ్యుత్ బండెక్కిండు.
కింద తాడు బిల్కిస్ చేతిల,
ఆమె ఎనక తాడు కొస నా చేతిల.
సగం దాక ఉడుతే.
సగం కాడ ఆగిండు.
మోకాళ్లు కుట్టుమిషన్ లెక్క కొట్టుకుంటున్నయ్.
కిందికెళ్లి పదహారు నోళ్లు, పదహారు సలహాలు:
కుడికి, ఎడమకు, దుంకు, దుంకకు.
నేను నోరు తెరిచిన.

"చుప్! సబ్ చుప్!"

ఎవలదో ఆ గొంతు అని ఎనక్కి చూసిన్రు పిల్లలు.
నేను కూడ చూసిన,
నా ఎనక ఎవరూ లేరు.

"అచ్యుత్, పడవు. నేనున్న.
ఎడమ చెయ్యి. నీ చెవి కన్న జానెడు మీద
ఒక బొక్క ఉంది. వేళ్లు పెట్టు.
పక్కనే ఇంకోటి.
మొత్తం ఐదు. నిన్న లెక్కపెట్టిన."

వాని వేళ్లు తడుముకుంట పోయినయ్,
దొరికినయ్.
ముప్పై ఏండ్ల కింద మా నాయిన
ఇంకెందుకో తొలిచిన చీకట్లకు
ఒక పిలగాడు ఏలాడిండు.
నా చేతిల తాడు కొస
బరువేం లేకుండనే వణికింది.

పైదాక పోయిండా అంటే పోలే.
ఐదో బెజ్జం కాడ ఏడ్చిండు, దిగిండు.
దిగినంక విజిల్ ఊదలే, తీసి ఇయ్యలే గూడ.
ముక్కు తుడుచుకోని
"నీళ్లున్నయా" అన్నడు.
నాలుగు సీసాల పిల్లగాడు ఉరికిండు.

బిల్కిస్ అరచేయి ఎర్రగైంది.
గ్లౌజులియ్యలేదా అని నన్ను అడగకుండ్రి,
ఇచ్చిన. తీసేసిందట.
"తాడు ఏమంటుందో తెలుస్తలేదు అంకుల్, వాటితోని."

ఏమనాలె నేను.
మందు రాసిన.
రేపు గ్లౌజులు లేకుంటే తాడు ముట్టనియ్యనని కసిరిన.
ఆ చెయ్యిని ఇంకొంచెం సేపు పట్టుకోని చూసిన.

బస్సు పోయినంక
తాళ్లు చుట్టి, పదిహేడు హెల్మెట్లు లెక్కవెట్టి,
తూర్పు బండెక్కిన.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
ఆరోది ఉండాల్సిన కాడ
బండ నున్నగ ఉంది,
ఎండ దిగినా
ఇంకా కాక తగ్గలే.