సంచిలో కట్టిన కొమ్మ

టెహరాన్. వలీఅస్ర్ వీధి. జూలై, మధ్యాహ్నం రెండు.
చినార్ కొమ్మకి పారదర్శకమైన సంచి తొడిగి
మూతి బిగించాను,
ఏడ్చే పిల్లకి స్వెటర్ తొడిగినంత కష్టపడి.

లోపల ఆకులకి చెమట పడుతోంది.
ఆ చెమటకి రంగు లేదు.
ఎండకి కమిలిపోకుండా
ఆకు తనకి తాను రాసుకునే లేపనం అది.
ఐసోప్రీన్ అని ఫారంలో రాస్తాను,
పక్కన టైము, ఉష్ణోగ్రత, నా సంతకం:
ఫిరూజే సర్వెస్తానీ.

కాలవ గట్టున పారకి ఆనుకుని
యదుల్లా చూస్తున్నాడు.
నలభై ఏళ్ళుగా ఈ చెట్లకి నీళ్ళు వదిలేవాడు.
"నా చెట్ల మీద కేసు పెట్టడానికొచ్చావా అమ్మాయ్?"

కాదనబోయి నోరు మూసుకున్నాను.
ఆఫీసు వాళ్ళు అడిగింది ఒక జాబితా:
ఏ చెట్టు ఎక్కువ వదులుతుంది, ఏది తక్కువ,
ఇకమీదట ఏది నాటాలి.
చినార్ ఏ వరసలో పడుతుందో
కొమ్మ కట్టకముందే నాకు తెలుసు.

ఎలా చెప్పను ఈయనకి?
పాలు ఎంతసేపు కాగినా పాలే,
ఉప్పుకల్లు పడితేనే కదా విరిగేది.
కింద బారులు తీరిన కార్ల పొగ పైకి లేస్తుంది,
చెట్టు ఊపిరి దానికి ఎదురొస్తుంది,
ఎండ కూచుని తీరిగ్గా కలియబెడుతుంది.
సాయంత్రానికి ఓజోన్.
ఆకాశంలో ఉన్నంతకాలం గొడుగు,
ముక్కు దాకా దిగితే గొంతులో గరుకు కాగితం.
మా పై వాటాలో హస్మిక్ గారు
ఈ నెలంతా కిటికీ తీయలేదు.
ఆవిడ ఇన్‌హేలర్ చప్పుడు మెట్ల దాకా వినిపిస్తుంది.

యదుల్లా పార ఎత్తి చూపించాడు:
"మరి అది ఎవరికోసం ఊపిరి తీస్తోంది?"

నా ప్రైడ్ కారు.
పరికరాలు వేడెక్కకుండా ఏసీ వేసి
పొద్దుటినించీ ఇంజన్ ఆపకుండా వదిలేశాను,
ఆయన చెట్టు నీడలోనే.

వెళ్ళి తాళం తిప్పాను.
తెరమీద అంకె కదల్లేదు.
ఎందుకు కదులుతుంది, ఈ వీధిలో కార్లు ఒకటా రెండా.
వెనక ఎవడో హారన్ కొడుతూనే ఉన్నాడు.

సంచి విప్పితే కొమ్మ చివాల్న పైకి లేచింది.
రెండాకులు నలిగాయి.
యదుల్లా ఏమీ అనలేదు, తూము పలక ఎత్తాడు.
నీళ్ళొచ్చాయి, వాటిమీద ఒక ప్లాస్టిక్ సీసా, కాస్త దుమ్ము,
వేళ్ళ దగ్గర తచ్చాడి
ఇంకిపోయాయి.

రాత్రి జాబితా ముందు కూచున్నాను.
ఎక్కువ వదిలేవి, అన్న గడిలో
మొదటి వరసన
నా బండి నంబరు రాశాను.

రేపు అడుగుతారు,
ఇదే జాతి చెట్టు అని.